పోయిన నెల పోయిన కొడుకు

కర్రపెండలం దుంపల తోలు గీస్తున్న హైమవతి ముంజేతి కంకణం సన్నగా వెచ్చబడింది. ఆమె తల వంచి చూసుకుంది. నీలంగా ఉండే కంకణం అంచు లేత ఆకుపచ్చకు తిరిగింది. అంటే, ఎదురుగా పీట మీద కూర్చున్న ముసలామె గుండెల్లో బరువు ఆ క్షణాన కాస్త తగ్గిందన్నమాట.

"ఇంకా పల్చగా గియ్యి తల్లీ. తోలుతోపాటు దుంపంతా పోతోంది," అంది ముసలామె.

ఆమె పేరు రసోవ. మడగాస్కర్ తూర్పు తీరంలో, అంపాసిరానో అనే చిన్న జాలరి ఊరు ఆమెది. ఆమె మాట్లాడేది అక్కడి భాషే. ఇద్దరి చెవుల్లోనూ బఠాణీగింజంత 'చెవిపలుకు' ఉంది. హైమవతి చెవిలోనిది ఆ మాటల్ని తెలుగు చేసి వినిపిస్తోంది. అది కూడా పుస్తకాల తెలుగు కాదు. వినేవారు చిన్నప్పుడు ఏ యాసలో పెరిగారో ఆ యాసలోకి మార్చడం ఆ పరికరం ప్రత్యేకత. దాంతో హిందూ మహాసముద్రం అవతల పుట్టిన రసోవ, తాళ్లరేవులో ఉండే హైమవతి మేనత్తలా మాట్లాడుతోంది. మొదటిరోజు అది విని మిగతా సేవకులందరూ మురిసిపోయారు. హైమవతి మాత్రం, ఎదుటి మనిషిని ఇంత తొందరగా సొంతమనిషి అనిపించేలా చేసే వస్తువును ఎంతవరకు నమ్మవచ్చునని ఆలోచించింది.

అనుమానం ఆమె వృత్తి. కాకినాడలోని ఒక బీమా సంస్థలో ఆమె నష్టపరిశీలకురాలు. కాలిపోయిన గోదాములో అడుగుపెట్టి, అది దానంతట అదే అంటుకుందో, ఎవరైనా అంటించారో చెప్పాలి. ఆ పనిలో పదిహేనేళ్లు గడిపాక, ఏడ్చే మనిషిని చూసినా ముందు ఆమె కళ్లు ఆ చుట్టుపక్కల ఏముందో వెతుకుతాయి.

ఆకాశ పరిమితి చట్టం వచ్చాక ప్రపంచంలో విమానాలు చాలామటుకు నేలకు దిగిపోయాయి. సరదాకు దేశం దాటడం ఆగిపోయింది. సామాన్యులు దాటాలంటే సేవాయాత్ర ఒక్కటే దారి. సేవామండలి చెప్పిన ఊరికి వెళ్లి, నెలరోజులుండి, అక్కడివారికి ఏదో ఒక సాయం చెయ్యాలి. ఆ సాయం నిజమైనదో కాదో తేల్చేది ఊరటకొల. సాయం అందుకునేవారి మణికట్టుకు పల్చటి నాడిపట్టీ కడతారు. సాయం చేసేవారి చేతికి కంకణం తొడుగుతారు. మనిషి కుంగినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో, ఆ కుంగుబాటు సడలినప్పుడు ఏం జరుగుతుందో ఆ పట్టీకి తెలుసు. నోటితో చెప్పే కృతజ్ఞత దానికి పట్టదు. నటించేవారి నాడిని అది ఇట్టే పట్టేస్తుంది. ఎంత ఊరట కలిగించారన్నదాన్ని బట్టి సేవకుడికి మరో యాత్రకు అర్హత వస్తుంది. ఆ ఊరికీ దాన్ని బట్టే వైద్యనౌక వస్తుంది, మంచినీటి యంత్రాలు వస్తాయి. మోసానికి ఎక్కడా సందు లేదని దేశదేశాల వాళ్లూ ఒప్పుకున్న ఏర్పాటు అది.

హైమవతికిది మొదటి యాత్ర. దక్షిణ అమెరికా కొసన మిగిలిన హిమనదాలు పూర్తిగా కరిగేలోపు వాటిని కళ్లారా చూడాలన్నది ఆమె కోరిక. అంత దూరపు యాత్ర కావాలంటే ఇక్కడ ఊరటకొల బాగా వెలగాలి.

"వాడికి ఈ దుంపంటే ప్రాణం," అంది రసోవ ఉన్నట్టుండి. "పోయిన నెలే తల్లీ. పొద్దున్నే పడవేసుకుని ఎళ్లాడు. సాయంత్రానికి పడవొక్కటీ బోర్లాపడి ఒడ్డుకొచ్చింది."

ఆమె ఒక్కగానొక్క కొడుకు పేరు హేరి. రసోవ ఏడుపు మొదలుపెట్టింది. అది చూపించుకునే ఏడుపు కాదు, గొంతులో అడ్డంపడి ఊపిరాడనివ్వని ఏడుపు. హైమవతి కత్తిపీట పక్కన పెట్టి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కాసేపటికి రసోవ ఊపిరి కుదుటపడింది. కంకణం అరచేతిలో దీపంలా ఆకుపచ్చగా వెలిగింది.

బిందెతో నీళ్లు తెస్తున్న కోడలు లాలావ గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, ఆ వెలుగు చూసి, తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది. హేరి భార్య ఆమె. ఏ సేవకుణ్ణి ఏ ఇంటికి పంపాలో చూసుకునే ఊరి సంధాత కూడా ఆమే. భర్త పోయి నెల తిరగని మనిషి అంత నిబ్బరంగా ఊరిపని చేసుకోగలదా అని హైమవతికి మొదటిసారి అనిపించింది.

*

మధ్యాహ్నం సేవకుల వసారాలో భోజనాలప్పుడు పేర్రాజు పక్కకు వచ్చి కూర్చున్నాడు. నరసాపురం మనిషి, డెబ్భై దాటాయి. ఎన్నో సేవాయాత్రలు చేసి, వాటినుంచి పూర్తి ఫలితం రాబట్టుకోవడంలో చెయ్యి తిరిగినవాడు.

"చూశానండి మీ కంకణం. మా అందరిదీ కలిపినా అంత లేదండి ఆయ్," అన్నాడు. "కొత్తోళ్లు ఒకటే తప్పు చేస్తారండి. దిగగానే గోడలు కట్టేద్దాం, బావులు తవ్వేద్దాం అంటారు. అలాంటి ఊరట ఇలా ఎలిగి అలా ఆరిపోద్దండి. ముందు ఓ రెండ్రోజులు ఊరికే కూర్చోవాలి. వాళ్లు పెట్టింది తినాలి, వాళ్ల పాటలు వినాలి, మన ఊరి సంగతులు చెప్పాలి. ఆనక వాళ్ల కష్టం వాళ్లే చెబుతారు. మనకి దేశం చూసినట్టూ ఉంటది, మనిషిని చూసినట్టూ ఉంటది."

"వాళ్లు చెప్పే కష్టం నిజమో కాదో మీకెలా తెలుస్తుంది బాబాయిగారూ?"

పేర్రాజు నవ్వాడు. "నాకెందుకండి తెలవడం? దానికి తెలుస్తది కదా," అన్నాడు కంకణాన్ని చూపించి.

ఆ మాట హైమవతికి రుచించలేదు. తన వృత్తిలో ఎప్పుడూ మోసం జరిగేది ఎవరూ చూడాల్సిన అవసరం లేదనుకున్నచోటే.

మర్నాడు రసోవ ఇంటి ముందు కూర్చున్నప్పుడు హైమవతి కళ్లు నేల మీద పడ్డాయి. తను కూర్చునే పీట కాళ్ల కింద మట్టిలో గుంటలు పడి ఉన్నాయి. నున్నగా, లోతుగా. పీటను కాస్త జరిపి వేసుకుందామంటే రసోవే, "అక్కడే కూకో తల్లీ, గాలొస్తది," అంది. గుంటలు తన బరువుకు పడినవి కావు. నెలరోజుల్లో వచ్చిపోయిన పరామర్శలకు పడేవీ కావు.

ఆ సాయంత్రం ఆమె ఊరి చివర సముద్రపు ఒడ్డుకు వెళ్లింది. శవం దొరకనివారి కోసం నాటిన శిలువలు అక్కడ వరసగా ఉన్నాయి. హేరి పేరున్న శిలువ దొరికింది. కర్ర బూడిదరంగుకు తిరిగి, పగుళ్లు బారింది. అక్షరాల్లో నాచు పెరిగింది. వర్షాలు కొట్టి, ఎండలు కాసి, మళ్లీ వర్షాలు కొడితేగాని కర్రకు ఆ రంగు రాదు.

వెనక ఇసుకలో అడుగుల చప్పుడైంది. లాలావ నిలబడి ఉంది.

"ఇది పాత కర్రలా ఉందే," అంది హైమవతి మామూలుగా.

"పాత పడవ చెక్కక్కా. కొత్త కర్ర ఎక్కడ దొరుకుతాది ఇక్కడ?" అంది లాలావ. జవాబు తొణక్కుండా, తడుముకోకుండా వచ్చింది. అందుకే హైమవతికి మరింత అనుమానం వేసింది. చెక్క పాతదైతే కావచ్చు. చెక్కిన అక్షరాల లోపల నాచు ఎందుకు పాతది?

అయినా ఒక చిక్కుముడి మాత్రం విడలేదు. కొడుకు ఎప్పుడో పోయాడు, ముసలామె నెల కిందటే అంటోంది. అది అబద్ధమైతే ఊరటకొల పట్టుకోవాలి. పట్టుకోలేదు సరిగదా, అంత బాగా ఎవరికీ వెలగలేదు. ఇన్నేళ్ల అనుభవంలో హైమవతి ఎన్నో దొంగ ఏడుపులు చూసింది. రసోవది దొంగ ఏడుపు కాదని కంకణం లేకుండానే చెప్పగలదు.

*

ముడి విప్పింది ఒక చిన్న అద్దం. హైమవతి కాకినాడ నుంచి కానుకగా తెచ్చిన దువ్వెనా, దానితోపాటు అరచేతి అద్దమూ ఓ ఉదయం రసోవకు ఇచ్చింది. ఆ ఇంట్లో ఎక్కడా అద్దం లేకపోవడం ఆమె అప్పటికింకా గమనించలేదు.

రసోవ అద్దంలోకి చూసుకుంది. తర్వాత తన జడను ముందుకు వేసుకుని చేత్తో నిమిరింది.

"చూశావా తల్లీ. నల్లటి జుట్టు నాది. ఒక్క నెలలో మనిషినెలా చేసిపోయాడో!"

నడుం దాకా ఉన్న జడ. మొదలు నుంచి చివర దాకా తెలుపే. దిగులుతో వెంట్రుక నెరిస్తే మొదట్లో నెరవాలి. నెలకు బొటనవేలి గోరంత పెరిగే జుట్టు చివర దాకా తెల్లబడాలంటే ఏళ్లు పట్టాలి. ఆ ఏళ్లు ఎటుపోయాయో రసోవకు తెలియదు. ఆమె అబద్ధమాడటం లేదు. ఆమెకు నిజంగానే నెల కిందట కొడుకు పోయాడు.

లోపలి నుంచి పరుగున వచ్చిన లాలావ అద్దాన్ని అత్త చేతిలోంచి లాక్కుంది. "ఏడవకత్తా, ఏడిస్తే కళ్లు మండుతాయి," అంటూ దాన్ని కొంగులో దాచేసింది.

హైమవతి లేచి ఆమె వెనకే పెరట్లోకి వెళ్లింది.

"ఆవిణ్ణి ఏం చేస్తున్నారు మీరు?"

లాలావ కొంగు మరింత బిగించుకుంది.

"నేను మండలికి చెప్పాలనుకుంటే ఈ క్షణం చెప్పగలను. చెప్పే ముందు నీ నోట వినాలని అడుగుతున్నాను."

లాలావ పెరటి కంచెకు చేరగిలబడి నేల మీద కూర్చుంది.

"మొదటిసారి నిజంగానే ఆయన పోయిన నెలకే సేవకులొచ్చారక్కా. అత్త పక్కన కూర్చుని ఓదార్చారు. వాళ్ల కంకణాలు వెలిగిన వెలుగు మండలి ఎప్పుడూ చూళ్లేదంట. వైద్యనౌక వచ్చింది, నీళ్ల యంత్రమొచ్చింది. ఆ మరుసటేడు అత్తకి దుఃఖం కొంచెం పాతబడింది. ఇళ్లు కట్టించుకున్నా, బడి బాగుచేయించుకున్నా కంకణాలు మినుకుమన్నాయంతే. నౌక రావడం మానేసింది. ఆ వానాకాలం జ్వరాలొచ్చాయి. పసిపిల్లలు పోయారు."

"అప్పుడు?"

"ఊళ్లో ఉండే నర్సు దగ్గర మరుపుమందు ఉంది. యుద్ధాల్లో, తుపానుల్లో చూడకూడనివి చూసినోళ్లకి వేస్తారే, అది. కొంత కాలం తుడిచిపెట్టుకుపోద్ది. అత్తే అడిగింది. 'నా దుఃఖం కొత్తగా ఉంటే నౌకొస్తదంటే, కొత్తగానే ఉంచండే' అంది. ఎవరూ బలవంతపెట్టలేదక్కా. మా తప్పేదన్నా ఉందంటే, ఒద్దనకపోవడమే."

నాడిని చదివే యంత్రాన్ని మోసగించడానికి ఈ ఊరివాళ్లకు ఒకే దారి దొరికింది. మోసం చెయ్యకపోవడం. దుఃఖాన్ని నిజంగానే మళ్లీ మళ్లీ పుట్టించడం.

"మందు వేశాక ఏమవుతుంది?"

"కొన్నాళ్లు ఆయన బతికే ఉంటాడు." అంది లాలావ. "ఎళ్లాడు, ఎల్లుండి వస్తాడు అని నేను చెప్పాలి. ఆయన చొక్కాలు ఉతకాలి. అత్త పాటలు పాడుకుంటూ వలలు బాగుచేస్తది. నాతో ఎకసెక్కాలాడుతది. అప్పుడు చూడాలక్కా తనని. ఆ నాలుగు రోజుల కోసమైనా మందు వెయ్యొచ్చనిపిస్తది. ఆనక మీ పడవ బయల్దేరిందని కబురొస్తది. అప్పుడు నేనెళ్లి చెప్పాలి, పోయాడని."

"ప్రతిసారీ నువ్వే?"

"ఇంకెవరు చెప్పినా నమ్మదు."

అంతకాలం తను రసోవ ముఖాన్నే పరిశీలించానని హైమవతికి అప్పుడు అర్థమైంది. ఈ పిల్ల ముఖాన్ని ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. లాలావ మణికట్టుకు నాడిపట్టీ లేదు. ఎప్పుడూ కట్టి ఉండరు. ఊరట పొందే మనుషుల జాబితాలో సంధాతలు ఉండరు.

"మీరెళ్లిన మర్నాడు అత్తకి అంతా చెబుతాం," అంది లాలావ మళ్లీ. "ఏళ్లయిందని, మందు వేశామని. మళ్లీ వెయ్యమంటావా అని అడుగుతాం. వెయ్యమంటది."

"ఎన్నిసార్లు వేశారో చెబుతారా?"

లాలావ కళ్లు దించుకుంది. "ఒక్కసారే వేశామంటాం."

"అయితే ఆవిడ ఒప్పుకోలేదు లాలావా. ఒప్పుకున్నదనుకోవడం మీ సౌకర్యం. ఏం జరిగిందో తెలియని మనిషి చెప్పే 'సరే'కు విలువ లేదు. నా పనిలో అలాంటి సంతకాన్ని చించి పారేస్తాం."

"ఎన్నిసార్లో చెబితే ఒద్దంటది. ఒద్దంటే నౌక రాదు. పిల్లలకేమన్నా అయితే మీరొస్తారా?"

హైమవతి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. ఆమె నెమ్మదిగా అంది, "నేను మండలికి చెప్పను. ఆ మాట ఇస్తున్నాను. కానీ నేనుండగానే ఆవిడకు మొత్తం చెప్పు. ఎన్నిసార్లో, ఎవరు చెప్పారో, అంతా. తర్వాత కూడా కావాలంటే ఆవిడిష్టం."

"మీకేమొస్తది దానివల్ల?"

హైమవతి ఆలోచించింది. ఈ ముసలామె కొడుకు పోయిన నెల మళ్లీ పోయింది తను పడవెక్కినందుకే. కబురు వెళ్లాకే కదా లాలావ వెళ్లి చెప్పింది. ఆ సంగతి బయటికి అనలేక, "ఏమీ రాదు," అంది.

లాలావ రెండు రోజులు ఆమె ముఖం చూడలేదు. మూడోరోజు పొద్దున్నే వసారా దగ్గరికి వచ్చి, "పదండక్కా," అంది.

*

రసోవ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. లాలావ వెళ్లి ఆమె ఎదుట చతికిలబడి, రెండు చేతులూ పట్టుకుని చెప్పింది. హేరి పోయి ఏళ్లయిందని, మందు సంగతి, నౌక సంగతి, చచ్చిపోయిన పసిపిల్లల సంగతి. రసోవ మధ్యలో అడ్డు రాలేదు. చివర్లో మాత్రం అడిగింది.

"అయితే ఇది రెండోసారంటావా?"

లాలావ హైమవతి వైపు చూసింది. హైమవతి చూపు తిప్పుకోలేదు.

"కాదత్తా."

"మరెన్నోది?"

"లెక్కపెట్టడం మానేశానత్తా."

రసోవ జడను చేతిలోకి తీసుకుని దాని కొసను చూసింది. "నేనే ఎర్రిదాన్ని," అని గొణుక్కుంది. తర్వాత తలెత్తింది. "ప్రతిసారీ నాకు ఎవరు చెప్పారే?"

"నేనే."

"చెబితే నేనేమంటాను?"

"ముందు నన్ను కొడతావు. ఆనక ఒకటే అడుగుతావు, వాడు అన్నం తినే ఎళ్లాడా అని."

"నువ్వేమంటావు?"

"తినే ఎళ్లాడంటాను."

రసోవ ఆమె ముఖంలోకి తేరిపార చూసింది. "తిన్నాడా?"

"లేదత్తా. ఆటుకి నీరు తీసేస్తోందని అలాగే ఎళ్లిపోయాడు. నేను పెట్టేలోపే పడవ తోసేశాడు."

రసోవ గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. చెవిపలుకు దాన్ని ఏ భాషలోకీ మార్చలేకపోయింది. హైమవతి ముంజేతి మీది కంకణం నీలం వదిలి ఎర్రబడింది. ఆ ఎరుపు ముదిరి నల్లగా తిరిగింది. అది చర్మాన్ని చురుక్కుమనిపిస్తున్నా ఆమె కదల్లేదు.

రసోవ తన నాడిపట్టీని పళ్లతో కొరికి తెంపి దూరంగా విసిరేసింది. హైమవతి వైపు తిరిగింది.

"నువ్వెందుకొచ్చావు మా ఊరు?"

ఓదార్చే మాటలు చాలా ఉన్నాయి. హైమవతి వాటిలో ఒక్కటీ వాడలేదు.

"దేశాలు చూద్దామని వచ్చానమ్మా."

"చూశావుగా. ఎళ్లు."

ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. లాలావ వాకిట్లో, ఎండుచేపల మధ్య, అలాగే కూర్చుండిపోయింది.

సేవకులు బయల్దేరే రోజు రేవుకు లాలావ ఒక్కతే వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. రసోవ ఎవరితోనూ మాట్లాడటం లేదని, నర్సు మందు తీసుకొస్తే సీసాను రాయికేసి కొట్టిందని చెప్పింది. ఊరి పెద్దలు లాలావను నానామాటలూ అన్నారట.

"నేను చేసింది మంచో చెడో నాకు తెలియడం లేదు," అంది హైమవతి.

"నాకూ తెలీదు," అంది లాలావ. పడవ కదిలేముందు, ఏదో తప్పు చేసినదానిలా గొంతు తగ్గించి చెప్పింది. "రాత్రి నాకు నిద్రపట్టిందక్కా. తెల్లారేదాకా లేవలేదు."

*

కాకినాడ రేవులో సేవామండలి అధికారిణి కంకణాన్ని కొలబల్ల మీద పెట్టి, రెండుసార్లు తీసి చూసింది. "ఊరట కాదు, హాని నమోదైంది. అదీ ఇంత స్థాయిలో! ఏం జరిగిందక్కడ?"

జరిగింది చెబితే తన మీది మచ్చ పోతుంది. అంపాసిరానోకు ఇక ఎన్నటికీ ఏ సాయమూ అందదు.

"ఒక తల్లిని బాధపెట్టాను," అంది హైమవతి.

అధికారిణి ఆమెను అసహ్యంగా చూసి, యాత్రార్హతను శాశ్వతంగా రద్దు చేసింది. హిమనదాల ఆశ ఆ బల్ల దగ్గరే ముగిసిపోయింది.

బయట పేర్రాజు ఆమె కోసం ఆగి ఉన్నాడు. అతనికి దారిలోనే అంతా చెప్పింది. నలుగురికీ చెప్పే మనిషి కాడని నమ్మి చెప్పింది.

"చెప్పకుండా ఉండాల్సిందండి మీరు నాకు," అన్నాడు. "నేనెళ్లిన ఊళ్లన్నీ గుర్తొస్తన్నాయి. ఓ చోట ఓ ఇల్లు కాలిపోతే దగ్గరుండి కట్టించానండి. ఆ ఇంటాయన నన్ను పట్టుకుని ఏడ్చాడు. ఇంత బతుకూ బతికి నేను చేసిన మంచిపని అదేననుకున్నాను. ఆ ఇల్లు ఎలా కాలిందో నేను అడగలేదండి." సంచీ భుజాన వేసుకుని రెండడుగులు వేసి, మళ్లీ ఆగాడు. "మీరు చెప్పగలరు కదా, చూస్తే. దానంతటదే కాలిందో లేదో."

"చూడకుండా చెప్పలేను బాబాయిగారూ."

అతను తల పంకించి వెళ్లిపోయాడు. తర్వాత ఏ యాత్రకూ అతను పేరు ఇవ్వలేదని ఆమెకు తెలిసింది.

హైమవతి మళ్లీ కాలిన గోదాముల్లోకి వెళ్లింది. దేశాంతర వార్తల్లో అంపాసిరానో పేరు కోసం వెతకడం ఆమెకు అలవాటైంది. అంత చిన్న ఊరు వార్తల్లోకి రాదు. వానాకాలం వచ్చినప్పుడు మాత్రం ఆమెకు భయం వేసేది. అక్కడ ఏ పసిపిల్లకైనా జ్వరం వస్తే అందులో తన వంతు ఎంత అని తనను తానే నిలదీసుకునేది. ఎదుటివారిని ఇన్నేళ్లు అనుమానించిన కళ్లతో తనను చూసుకోవడం ఆమెకు కొత్త.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం, లాలావ గొంతుతో ఒక సందేశం వచ్చింది.

వైద్యనౌక ఏడాదికి ఒక్కసారే వస్తోందట. నర్సు వెళ్లిపోయింది. కొన్ని కుటుంబాలు పక్క ఊరికి తరలిపోయాయి. పోయిన వానల్లో ఒక పాప పోయింది. ఆ పాప పేరు కూడా చెప్పింది లాలావ, దాచలేదు. లాలావను పెళ్లి చేసుకుంటానని అడిగి అడిగి విసిగిపోయిన పడవల మేస్త్రీ ఒకడు వేరే పెళ్లి చేసుకున్నాడట. రసోవ ఒక వానాకాలమంతా కోడలితో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి.

"మొన్న వలలు కడుతుంటే తనంతట తనే మాట్లాడిందక్కా," అంది లాలావ గొంతు. "'వాడుంటే ఈపాటికి వాళ్ల నాన్నకి మల్లే పొట్టొచ్చుండేది కదే' అంది. నాకు నవ్వాగలేదు. 'పొట్టే కాదత్తా, గురక కూడా' అన్నాను. అప్పటినుంచీ రోజూ అదే పని మాకు. పళ్లు పుచ్చుండేవంటది. చూపు తగ్గినా కళ్లజోడు పెట్టుకునేవాడు కాదంటాను నేను. ఇన్నేళ్లూ మా ఇంట్లో ఆయన ఉన్నచోటే ఉండిపోయాడక్కా. ఇప్పుడాయనకి వయసొస్తోంది."